దొరగారి పొట్టిక్కలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, పశువైద్యంలో డిప్లొమా, చేతిలో నెట్ ఉన్న ఫోను, ఈ మూడూ ఒకేసారి కుదిరిన మనిషికి ఇక నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటే బయటపడుతూ వచ్చాయి గానీ, అప్పట్లో ఎవరైనా నాకు ఎదురు చెబితే వాళ్ళ మీద కోపం కాదు, జాలి కలిగేది. (కోపం కూడా కలిగేది. ముందు కోపం, తర్వాత జాలి.) దీన్ని మా ఇంట్లో పొగరు అనేవారు. నేను ఆత్మవిశ్వాసం అనుకునేదాన్ని. ఆ ఆత్మవిశ్వాసంతోనే ఒక చిలుక కోసం మా మేనత్త మీద యుద్ధం ప్రకటించాను. అందులో ఎవరు గెలిచారన్నది మా చుట్టాల్లో ఇప్పటికీ తేలలేదు. నేనే గెలిచానని నా వాదన. అంతా చదివి మీరే చెప్పండి. మీరు ఏం చెప్పినా నేను ఒప్పుకోననుకోండి, అది వేరే సంగతి.

నా మొదటి ఉద్యోగం రాజమండ్రిలో ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో. మకాం కడియంలో మా అత్త ఇంట్లో. మావయ్యగారికి నర్సరీ ఉంది, ఇంటి గుమ్మం దిగితే చాలు మొక్కలే. అత్తకి మాత్రం మొక్కలతో పని లేదు, మనుషులకి పెట్టడం ఒక్కటే ఆవిడ పని. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఎవరైనా మూడు మాటలు వినక తప్పదు: ‘తినండి’, ‘మొహమాటపడకండి’, ‘ఇంకొక్కటి’. కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన కూడా ఒక చేత్తో జంతిక నములుతూ ఇంకో చేత్తో రీడింగు రాసుకునేవాడు. మా వైపు మర్యాద అంటే అదే. వచ్చినవాడు అడక్కుండా, వెతుక్కోకుండా, చెయ్యి చాపే పని కూడా లేకుండా తిండి కంచంలో పడిపోవాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కష్టాలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

ఆ ఇంట్లో ఇంకో ప్రాణి దొరగారు. బూడిద రంగు ఒళ్ళు, ఎర్ర తోక, పైదేశపు చిలుక. (మన రామచిలుకని పంజరంలో పెట్టడం నేరం. దొరగారికి కాగితాలన్నీ ఉన్నాయి.) పైదేశం వాడు కాబట్టి దొర, మావయ్యగారి ఇంటివాడు కాబట్టి గారు. రాజమండ్రి పక్షుల షాపులో ముచ్చటపడి తెచ్చుకున్నారాయన. మొదట్లో భుజాన వేసుకుని తోటంతా తిప్పేవారు. వానలు మొదలై లారీలకి మొక్కలు ఎక్కించే రోజులొచ్చేసరికి ఆయనకి తీరిక లేదు, దొరగారు వరండాలో పంజరానికి పరిమితమయ్యారు. నేను దిగేనాటికి తన ఈకలు తనే కొరికి, నమిలి, పీకేసుకుంటున్నారు. మెడ కింద నుంచి పొట్ట దాకా బోడి. తల మీద మాత్రం ఈకలు నిండుగా ఉండేవి, తన ముక్కుకి తన తల అందదు కదా. నిండు తలపాగా చుట్టుకుని చొక్కా మరిచిపోయిన పెద్దమనిషిలా ఉండేవారు.

ఒకరోజు ఎదురింటి పిన్నిగారు వచ్చి, చక్కిలం తింటూ, పంజరం వైపు చూసి అంది: “ఏంటండి వదినగారూ, చిలక్కి తిండి సరిగ్గా పడడం లేదా?”

ఆవిడ మామూలుగానే అంది. మా అత్తకి మాత్రం ఆ మాట గుండెల్లో దిగిపోయింది. ఊళ్ళో అందరికీ పెట్టే ఇంట్లో ఒక చిలుక తిండి లేక బోడిదైపోయిందన్నమాట. ఆ రోజు నుంచి దొరగారికి రోజూ పెళ్ళి భోజనమే. జీడిపప్పు, జామకాయ ముక్కలు, నెయ్యి అన్నం, మధ్యలో ఒక పూతరేకు. ముక్కు దగ్గరికే తీసుకెళ్ళి “తిను నాన్నా, మొహమాటపడకు” అని పెట్టేది. దొరగారు అయిదు నిమిషాల్లో తినేసి, మిగిలిన రోజంతా ఈకలు పీక్కునేవారు. ఎంత పెడితే అంత బోడి. అత్త ఏడుపు చూడలేక మావయ్యగారు తేల్చేశారు.

“శ్రావణంలో వ్రతానికి వీధి వీధంతా వస్తారు. ఈలోగా బాగుపడితే సరే. లేదంటే షాపు ఆయనకి తిరిగిచ్చేస్తానమ్మా. ఆయన తీసుకుంటానన్నాడు.”

ఆ షాపు నేను చూశాను. ఎవరూ కొనని పక్షుల్ని వెనకగదిలో, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పంజరాల్లో పెడతాడు. వెలుతురు రాదు. దొరగారు అక్కడికి వెళ్తే మిగిలిన ఈకలు కూడా ఉండవని నాకు తెలుసు. “ఎవరికీ ఇవ్వక్కర్లేదు మావయ్యగారూ. నేను బాగు చేస్తాను” అన్నాను.

“నీది గేదెల చదువు కదమ్మా.”

“ప్రాణమున్నదేదైనా ఒకటేనండి” అన్నాను. (ఒకటి కాదు. ఆ మాట వింటే నాకు పాఠం చెప్పిన మాస్టారు సర్టిఫికెట్ వెనక్కి అడిగేవారు.)

అది ఆషాఢ మాసం. అత్త గోరింటాకు రుబ్బి, నా చెయ్యి పట్టుకుని చూసి వదిలేసింది. “గోళ్ళేవే? ఒక్కదానికీ గోరు లేదు. ఎక్కడ పెట్టను?” అంది. నాకు గోళ్ళు కొరుక్కునే అలవాటు, ఆలోచిస్తుంటే కొరుకుతాను, కోపమొస్తే నములుతాను. ఆ రోజుల్లో నాకు ఈ రెండూ తప్ప వేరే పని లేదు. “చిలక ప్రాణం మీదికొస్తే గోరింటాకు గొడవేంటత్తా” అని చెయ్యి లాక్కున్నాను. అరచేతిలో మాత్రం ఇంత ముద్ద పెట్టి ఊరుకుంది.

మరునాడే దొరగారిని మా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా డాక్టరు గారు గేదెల డాక్టరు. చెయ్యి భుజం దాకా గేదె లోపల పెట్టి, అదే సమయంలో రైతుకి ధైర్యం చెప్పగల మనిషి. పక్షులంటే ఆయనకి నమ్మకం లేదు. అయినా అద్దాలు పెట్టుకుని, ఈకల్లో పురుగులున్నాయేమో, చర్మం మీద పుండ్లున్నాయేమో చూసి, తనకి తెలిసిన పక్షుల డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆయన చెయ్యమన్న పరీక్షలన్నీ చేయించి, చివరికి అన్నారు: “దీనికి రోగం లేదమ్మా. పని లేదు. గేదె తిన్నది నెమరేస్తూ కూర్చుంటుంది. దీనికి నెమరేయడానికేముంది? ఈకలే ఉన్నాయి.”

అదే రోజు ఫోనులో వీడియోలు చూస్తే సంగతి తెలిసింది. అడవిలో చిలుకకి పొద్దంతా తిండి వెతుక్కోవడమే పని. కాయ వెతకాలి, తొక్క చీల్చాలి, గింజ పగలగొట్టాలి. పంజరంలో ఆ పనంతా గిన్నెలో పోసి ముందు పెట్టేస్తే, ఖాళీగా ఉన్న ముక్కు ఈకల మీద పడుతుంది. కాబట్టి తిండిని దాచిపెట్టిన ఆటబొమ్మలు ఇవ్వాలి. చిలుక చింపుకుని, కొరుక్కుని, వెతుక్కుని తినాలి. నేను ఈ విషయం ఇంటికొచ్చి ఉపన్యాసంలా చెప్పాను. మావయ్యగారు ‘బొమ్మలు’ అన్న మాట ఒక్కటి పట్టుకుని, సాయంత్రానికి ఒక ప్లాస్టిక్ పాపాయిని తెచ్చారు. దాన్ని పడుకోబెడితే కళ్ళు మూసుకునేది, లేపితే ‘మమ్మీ’ అనేది. దొరగారు రెండు రోజులు పంజరం మూల నుంచి కదల్లేదు. మూడో రోజు ‘మమ్మీ’ అనడం నేర్చుకున్నారు.

దాన్ని తీసేసి నేనే తయారుచేశాను. గేదెల కాల్షియం సీసాలొచ్చే అట్టపెట్టెలు కత్తిరించి గొట్టాలు చేసి, లోపల పొద్దుతిరుగుడు గింజలు పోసి, చివర్లు కాగితంతో మూశాను. కొబ్బరి చిప్పకి కన్నాలు పెట్టి జామముక్కలు కుక్కాను. పంజరం నిండా వేలాడదీసి, గిన్నె తీసేసి, ఎంతో గొప్పగా ఆసుపత్రికి వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే గొట్టాలన్నీ విప్పి ఉన్నాయి, చిప్పలు ఖాళీ. దొరగారు ఇంత తొందరగా నేర్చుకున్నారా అని పొంగిపోయాను. ఈకలు పీక్కోవడం మాత్రం ఆగలేదు. వారం, పది రోజులు ఇదే వరస. రోజూ గొట్టాలు ఖాళీ, రోజూ పంజరం కింద ఈకలు. ముక్కుతో చింపిన అట్ట అంత నీటుగా ఎలా ఉంటుందని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నా తెలివి మీద నాకు అంత నమ్మకం.

నిజం చెప్పింది దొరగారే. ఒక ఆదివారం పొద్దున్న నేను పంజరం పక్కన కాఫీ తాగుతుంటే, ఆయన తల ఒక పక్కకి వాల్చి, అచ్చంగా మా అత్త గొంతుతో, అదీ గుసగుసగా అన్నారు:

“తినెయ్ నాన్నా, తినెయ్. డాక్టరమ్మ వెళ్ళిపోయింది.”

కప్పు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. అత్త పప్పు కడుగుతోంది. “రోజూ నువ్వేనా విప్పి పెడుతున్నది?” అన్నాను.

ఆవిడ తడబడలేదు. “మరేం చెయ్యమంటావే? ఇంట్లో ఉన్న ప్రాణికి అన్నం దాచిపెట్టి, కన్నాల్లో వెతుక్కుని తినమంటావా? అదేమన్నా దొంగతనం చేసిందా? మీ నాన్నని ఎప్పుడైనా అలా పెంచానా నేను?”

“అది వెతుక్కోకపోతే బాగుపడదత్తా.”

“ఇప్పటికే తిండి పెట్టట్లేదని వీధంతా అంటున్నారు. ఇంక దాచిపెడుతున్నామని కూడా అనాలా?”

“వీధి సంగతి నాకు తెలీదు. నువ్వలాగే పెడితే దొరగారు ఆ షాపు వెనకగదికి వెళ్తారు. నేను వెళ్ళనివ్వను” అన్నాను. అక్కడితో ఆగితే బావుండేది. నాకు ఆగడం ఎప్పుడు వచ్చింది గనక. “దొరగారు తన తిండి తను వెతుక్కుని తినేదాకా ఈ ఇంట్లో నేను ముద్ద ముట్టను” అనేశాను.

ఆ మాటకి మా అత్త చేతిలో పప్పుగిన్నె ఆగిపోయింది. మిగతా ఇళ్ళల్లో పిల్లలు అలిగితే సముదాయిస్తారేమో గానీ, మా అత్త ఇంట్లో తినననడం కన్నా పెద్ద తిట్టు లేదు. ఆ సంగతి తెలిసే అన్నాను. చిన్నపిల్లనే గానీ, ఎక్కడ కొడితే తగులుతుందో తెలిసిన చిన్నపిల్లని.

పది గంటలకి పెసరట్టు వచ్చింది. ముట్టలేదు. పదకొండుకి బెల్లం వేసిన కొబ్బరి ఉండ. ముట్టలేదు. పన్నెండుకి మావయ్యగారు వచ్చి, “నర్సరీలో పని చేసుకునే మనిషిని, నన్ను మధ్యలో పెట్టకండి” అని తన కంచం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. నేను దివాన్ మీద కూర్చుని, ఆకలికి నాలుగు వేళ్ళ గోళ్ళు పూర్తిచేసి అయిదోది మొదలుపెట్టాను. అత్త గడపలో నిలబడి ఒక నిమిషం నా చేతుల వైపు చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళింది.

మూడు గంటలకి ఒక వాసన వచ్చింది. పనసాకు ఆవిరిలో ఉడుకుతున్న వాసన. కోనసీమ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను: పనసాకులు నాలుగు కలిపి పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. వాటినే పొట్టిక్కలంటారు. నాకు వాటి మీదున్న బలహీనత మా వంశమంతటికీ తెలుసు. అత్త పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగు బుట్టలు, పొగలు కక్కుతూ. పక్కన కొబ్బరి చట్నీ.

నేను దీక్ష వదిలేశానని మా చుట్టాలంటారు. వదల్లేదు. ఆకు ఎలా కుట్టిందో చూద్దామని ఒక పుల్ల లాగానంతే. ఒక మడత విప్పాను. ఇంకో మడత విప్పాను. లోపల తెల్లగా కనపడింది. అప్పటికే చెయ్యి కాలుతోంది, ఊదుకుంటూ ఒక ముక్క తుంచాను. వరండాలోంచి దొరగారు ఒకటే అరుపులు, రెక్కలు కొట్టుకుంటూ, నా చేతిలో ఆకు వైపే చూస్తూ. నాకు అప్పుడు కోపమొచ్చింది, నోట్లో ముద్దతోనే అన్నాను: “నాకైతే ఆకులో దాచిపెట్టి ఇచ్చావు. దానికి దాచిపెడితే పాపమా?”

“దాచడమేంటే? ఆకులో పెట్టడం మర్యాద” అంది అత్త.

అని, ఆగింది. నేనూ నమలడం ఆపాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, తర్వాత పంజరం వైపు చూశాం. ఇదిగో, ఈ క్షణం గురించే తగాదా. ఆలోచన ముందు నాకే వచ్చిందని నేనంటాను, మాట నేనే కదా అన్నాను. మర్యాద అన్న మాట తను అనకపోతే నాకు తట్టేది కాదని అత్త అంటుంది. దొరగారు మాత్రం ఆ ఖాళీ ఆకుని ఇస్తే నలభై నిమిషాలు చింపారు. ఆ నలభై నిమిషాలూ ఒక్క ఈక ముట్టలేదు.

ఆ తర్వాత నన్ను ఎవరూ పట్టించుకోలేదు. గొట్టాలూ చిప్పలూ చెత్తలోకి పోయాయి. మా అత్త రంగంలోకి దిగింది. పుల్ల గుచ్చుకుంటుందని అరటినారతో కట్టింది. నానబెట్టిన శనగలు ఒక ఆకులో, జామముక్క ఇంకో ఆకులో, ఆ రెండూ కలిపి పెద్ద ఆకులో. నేను ఉప్పు, నెయ్యి, పూతరేకు వద్దంటే ఆ ఒక్క విషయంలో నా మాట విని మానేసింది. నాలుగో రోజుకి ముడి మీద ముడి వేసి, దొరగారు ఎంతసేపటికి విప్పుతారో గడియారం చూస్తూ కూర్చునేది. విప్పితే ఆయన గెలిచినట్టు, భోజనం వేళ దాటితే తను గెలిచినట్టు. ఎదురింటి పిన్నిగారు అడిగితే, “మా దొరగారు ఆకులో పెడితే గానీ తినరండి” అని గర్వంగా చెప్పేది. పిన్నిగారు వాళ్ళాయనతో కూడా అనేసిందట, చిలక్కున్న మర్యాద మనకి లేదని.

బుట్టలు ఎక్కువ కావాలి కాబట్టి, ఆసుపత్రి నుంచి రాగానే నన్నూ కూర్చోబెట్టేది. “రావే, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా” అని పనసాకులు నా ఒళ్ళో పోసేది. నేను కట్టేదాన్ని, కడుతూ పక్షుల మనస్తత్వం గురించి ఆవిడకి క్లాసు పీకేదాన్ని. ఆకులు అయిపోతే చిక్కుడుకాయలు ముందు పెట్టేది, అవీ అయిపోతే చింతపండు గింజ తియ్యమనేది. ఇంత గొప్ప ప్రయోగం చేస్తున్న మనిషితో ఈ చిల్లర పనులేంటని చిరాకు పడుతూనే చేసేదాన్ని.

వ్రతం రెండు రోజుల్లో ఉందనగా మావయ్యగారు అద్దాలు పెట్టుకుని పంజరం ముందు నిలబడ్డారు. దొరగారి ఛాతీ ఇంకా బోడిగానే ఉంది, పీక్కోవడం ఆగింది గానీ ఈకలు అప్పుడే ఎక్కడొస్తాయి. ‘ఆయన కాదంటే పంజరంతో సహా నేనూ ఇల్లు వదిలి వెళ్తాను’ అని మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. ఆయన వంగి, ఇంకా వంగి, వేలితో చూపించారు. చర్మం మీద సన్నటి ముళ్ళలా, వరసగా, బూడిద రంగు మొలకలు.

“చిగురేసింది కదమ్మా” అన్నారు. మొక్క గురించి అన్నట్టే అన్నారు. అద్దాలు తీసి జేబులో పెట్టుకుంటూ, “చిగురేసినదాన్ని ఇంకో చోటికి మార్చకూడదు. చచ్చిపోద్ది. ఇక్కడే ఉండనీ” అని తోటలోకి వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్న మనిషి, ఆ సూత్రం ఒక్కటీ ఎప్పుడూ తప్పలేదు. దొరగారి ప్రాణం గట్టెక్కింది. నేను పేర్చుకున్న మాటలు పేర్చుకున్నట్టే ఉండిపోయాయి, వాటిలో ఒకటి రెండు చాలా బావుండేవి.

వ్రతం ముందురోజు సాయంత్రం అత్త మళ్ళీ గోరింటాకు రుబ్బింది. నేను గెలుపు మీదున్నాను. చెయ్యి చాపి, “చూశావా అత్తా, చిలక అలవాటు మాన్పించడమంటే మాటలా? తిట్టకూడదు, కొట్టకూడదు. దానికి తెలియకుండా పని చెప్పాలి. ముక్కుకి పనుంటే ఈక జోలికి పోదు” అని చెబుతున్నాను. ఆవిడ తలొంచుకుని ఒక్కో వేలికీ టోపీ పెట్టినట్టు గోరింటాకు పెడుతోంది. చిటికెన వేలు దాకా వచ్చాక అంది:

“అవునే. చేతికి పనుంటే గోరు జోలికీ పోరు.”

అప్పుడు చూసుకున్నాను. పది వేళ్ళకీ పది గోళ్ళు. ఆకులు, చిక్కుడుకాయలు, చింతపండు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నోరు తెరిచి ఏదో అనబోయాను. పక్కనుంచి దొరగారు “మొహమాటపడకండి” అన్నారు.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు దాటింది. తర్వాత డిగ్రీ కూడా చదివాను, ఇప్పుడు నాకే ఒక క్లినిక్ ఉంది, ఈకలు పీక్కునే చిలుకలు నెలకొకటైనా వస్తాయి. రోగం లేదని తేలాక, తిండి ఆకులో కట్టి ఇవ్వండి, విప్పుకోనివ్వండి అని చెప్పి పంపుతాను. ఈ ఉపాయం ఎవరిదండి అని అడిగితే నాదేనంటాను. ఒకరిద్దరి ముందు అత్త పేరు చెబుదామని నోటి దాకా వచ్చింది గానీ, అలవాటు లేని మాట కదా, బయటికి రాలేదు. దొరగారు నిండు ఈకలతో ఉన్నారు, వయసు మీద పడ్డాక మావయ్యగారు ఆయన్ని భుజాన వేసుకుని తోటంతా తిప్పడం మళ్ళీ మొదలుపెట్టారు.

ఇది రాస్తుంటే మధ్యలో అత్త ఫోను చేసింది. ఏం చేస్తున్నావంటే, మన దొరగారి కథ రాస్తున్నాను, ఎవరు గెలిచారో తేల్చేస్తున్నాను అన్నాను.

“రాసుకో, రాసుకో. నువ్వే గెలిచావని రాసుకో” అంది. తర్వాత, “చేతులెలా ఉన్నాయే?” అంది.

“బానే ఉన్నాయత్తా” అని ఫోను పెట్టేశాను. ఎడమ చేతి బొటనవేలు అప్పటికే నోట్లో ఉంది. ఆ ఇరవై రెండేళ్ళ పిల్లయితే ఒప్పుకునేది కాదు. నేనూ ఒప్పుకోలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, రేపటికి ఒలుద్దామనుకున్న చిక్కుడుకాయలు ఇప్పుడే ముందేసుకుని కూర్చున్నాను.